‘యాన్’ యాపిల్, ‘ఎ’ యూనివర్సిటీ: ఇంగ్లిషు అక్షరాల ముందు తెలుగు చెవి

ఇంగ్లిషు ఆర్టికల్స్‌లో బడిపిల్లలు మొట్టమొదట నేర్చుకునే ఉదాహరణ ‘యాన్ యాపిల్’. అచ్చుతో మొదలయ్యే మాటకు ముందు ‘యాన్’, హల్లుతో మొదలయ్యే మాటకు ముందు ‘ఎ’ అని అప్పుడే చెబుతారు. కొన్నేళ్ల తరువాత అదే పిల్లవాడికి ‘ఎ యూనివర్సిటీ’ ఎదురవుతుంది. ఆ మాట స్పెల్లింగు అచ్చుతోనే మొదలవుతుంది కదా అని అడిగితే, పలికేటప్పుడు మొదట వినిపించేది యకారం కనుక ‘ఎ’ రావాలని జవాబు వస్తుంది. జవాబు సరైనదే. కానీ చురుకైన పిల్లవాడు అక్కడితో ఆగడు. మరి యాపిల్‌లో మొదట వినిపించేది కూడా యకారమే కదా అంటాడు. ఆ మాటకొస్తే ‘యాన్’లోనూ అదే ఉంది.

ఇంగ్లిషువారి కోసం రాసిన వ్యాకరణాల్లో ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. వాళ్ల నోట యాపిల్‌కు యకారమే లేదు. అది ‘ఆ’కూ ‘ఏ’కూ నడుమ నిలిచే ఒక అచ్చు. ఆ ధ్వని తెలుగుకు కొత్తదేమీ కాదు. ‘వచ్చాడు’ అన్నప్పుడు చకారం తరువాత చాలామంది నోట పలికేది దాదాపు అదే. అయితే మాట మొదట ఆ అచ్చు వస్తే రాయడానికి మనకు విడిగా అక్షరం లేదు. అందుకని ‘యా’ అని రాసుకున్నాం, రాసుకున్నట్టే పలుకుతున్నాం. యాసిడ్, యాక్సిడెంట్, యాంకర్, యాప్ అన్నీ అలా యకారపు తొడుగు వేసుకుని తెలుగులో అడుగుపెట్టినవే. ఇంగ్లిషులో అచ్చుతో మొదలయ్యే మాట తెలుగు చెవికి చేరేసరికి హల్లుతో మొదలవుతోందన్నమాట. ఆర్టికల్స్ విషయంలో మనకు ఎదురయ్యే తికమకల్లో సగానికి మూలం ఇక్కడే ఉంది. విడి అక్షరాల ముందు, పొడి అక్షరాల పేర్ల ముందు ఆర్టికల్ పెట్టవలసి వచ్చినప్పుడు ఈ తికమక మరీ స్పష్టంగా బయటపడుతుంది.

నియమం చూస్తే ఒక్క వాక్యమే. ‘ఎ’ రావాలా, ‘యాన్’ రావాలా అన్నది తేల్చేది కంటికి కనిపించే అక్షరం కాదు, ఆర్టికల్ వెంటనే చెవిన పడే ధ్వని. గంట అనే అర్థంలోని ‘అవర్’కు స్పెల్లింగులో హెచ్ ఉన్నా దాన్ని పలకరు కాబట్టి ‘యాన్ అవర్’. రూపాయి నోటు ‘వన్’ స్పెల్లింగు ఓతో మొదలైనా పలికేది వకారం కాబట్టి ‘ఎ వన్ రుపీ నోట్’. ఇంతవరకూ అందరూ బడిలో చదువుకున్నదే. చిక్కు మొదలయ్యేది అక్షరమే ఒక మాటగా నిలబడినప్పుడు.

తెలుగులో అక్షరం పేరు వేరు, ధ్వని వేరు కాదు. ‘మ’ అక్షరం పేరు ‘మ’, మామిడిలో పలికేదీ ‘మ’. వ్యాకరణం చెప్పేటప్పుడు మకారం అన్నా దాని మొదటి ధ్వని మారదు. ఇంగ్లిషు అక్షరం అలా కాదు. దానికి మాటలో ఉన్నప్పుడు ఒక ధ్వని, ఒంటరిగా ఉన్నప్పుడు ఒక పేరు. మ్యాంగో మొదట ఉన్నది మకారం, కాబట్టి ‘ఎ మ్యాంగో’. అదే అక్షరాన్ని విడిగా పిలిస్తే ‘ఎం’ అనాలి, ఆ పేరు అచ్చుతో మొదలవుతుంది, కాబట్టి ‘యాన్ ఎం’. శాసనమండలి సభ్యుడి పూర్తి హోదాను విడమరచి చెబితే మొదటి మాట ‘మెంబర్’, దానికి ‘ఎ’ చాలు. పొడి అక్షరాలుగా కుదిస్తే ఎమ్మెల్సీ, దానికి ‘యాన్’ కావాలి. మనిషీ మారలేదు, పదవీ మారలేదు, ఆర్టికల్ మారింది.

ఇంగ్లిషులో ఉన్న 26 అక్షరాల్లో 12 అక్షరాల పేర్లు అచ్చుతో మొదలవుతాయి. ఏ, ఈ, ఐ, ఓ అనే నాలుగూ స్వయంగా అచ్చులు. ఎఫ్, ఎల్, ఎం, ఎన్, ఎస్, ఎక్స్ అనే ఆరూ హల్లులే అయినా పేరులో ముందు ‘ఎ’ ఉంది. ఆర్ మొదట ‘ఆ’ ఉంది. పన్నెండోది హెచ్. దాని గొడవ పెద్దది, తరువాత చూడవచ్చు. మిగిలిన 14 అక్షరాలకూ ‘ఎ’ వస్తుంది. ఆ పద్నాలుగింటిలో ఎదురు తిరిగేది యూ ఒక్కటే. అచ్చుల జాబితాలో పేరు ఉంచుకుని యకారంతో మొదలవుతుంది. అందుకే యూటర్న్‌కు ‘ఎ’, ఎస్ ఆకారపు మలుపుకు ‘యాన్’. టీషర్టుకు ‘ఎ’, ఎక్స్‌రేకు ‘యాన్’. యూపీఐ చెల్లింపుకు ‘ఎ’, దానికి వచ్చే ఓటీపీకి ‘యాన్’. ఆసుపత్రిలో సీటీ స్కాన్‌కు ‘ఎ’, ఈసీజీకి, ఎంఆర్ఐకి ‘యాన్’.

ఎఫ్, ఎల్ వంటి హల్లుల పేర్లకు ముందు అచ్చు ఎందుకు చేరిందంటే, అది రోమన్ల నాటి అలవాటు. పెదవులో నాలుకో గాలిని పూర్తిగా అడ్డగించి వదిలితే పుట్టే బీ, డీ, పీ, టీ వంటి హల్లులకు అచ్చును వెనక చేర్చి పేరు పెట్టారు. ఊపిరి ఉన్నంతసేపూ సాగదీయగలిగిన ఎఫ్, ఎల్, ఎం, ఎన్, ఆర్, ఎస్‌లకు అచ్చును ముందు చేర్చారు. వీ కూడా సాగే హల్లే కానీ, యూ నుంచి విడిపోయి ప్రత్యేక అక్షరంగా స్థిరపడింది చాలా ఆలస్యంగా కాబట్టి ఆ వరసలో చేరలేదు. లాటిన్ భాషకు పెట్టుకున్న ఆ పేర్లే ఇప్పుడు ఆర్టీసీ బస్సుకు ‘యాన్’ రావాలని, టీవీకి ‘ఎ’ రావాలని తేలుస్తున్నాయి.

తెలుగు నాలుక ఈ పేర్లను అందుకున్నాక ఉన్నవి ఉన్నట్టు ఉంచలేదు. ఎన్, ఆర్, ఐ కలిసి ఎన్నారై అయింది. ఎస్, ఐ కలిసి ఎస్సై అయింది. ఇవి ఇప్పుడు పొడి అక్షరాల వరసలు కావు, సంధి జరిగిన తెలుగు మాటలు. వీటిలో రెండింటిని కాస్త ఆగి వినాలి. ఎల్, ఏ పక్కపక్కన చేరితే ‘ఎలే’ కావాలి, కానీ అయింది ‘ఎల్యే’. అందుకే ఎమ్మెల్యే. ఆర్, ఓ చేరితే ‘ఆరో’ కావాలి, కానీ అయింది ‘ఆర్వో’. అందుకే ఎమ్మార్వో. ఏ ముందు ఒక యకారం, ఓ ముందు ఒక వకారం ఎవరూ పిలవకుండా వచ్చి కూర్చున్నాయి. నిజానికి అవి మన నోట ఎప్పుడూ ఉన్నవే. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని రాస్తాం, పలికేటప్పుడు యెవరు, యెక్కడ, యెందుకు అంటాం. ఒక అని రాస్తాం, వొక అంటాం. తెలుగు మాట మొదట యకారం గానీ, వు వూ వొ వోలు గానీ ఉండవని పాత వ్యాకరణం కట్టడి చేసింది. చేతిరాత ఆ కట్టడికి లోబడింది, నోరు లోబడలేదు.

ఇంగ్లిషు అక్షరాల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ కట్టడి కూడా వర్తించలేదు. ఇప్పుడు పత్రికలు ఎం, ఎన్, ఎస్ అని రాస్తున్నాయి గానీ, పాత వాల్‌పోస్టర్లలో, సినిమా టైటిళ్లలో కనిపించేది యన్.టి.రామారావు, యస్.వి.రంగారావు. ఊళ్లలో నేమ్‌బోర్డుల మీద యం.ఎ., యల్.ఐ.సి. అనే రాత ఇప్పటికీ కనిపిస్తుంది. రాసినవారు పొరపాటు పడలేదు, విన్నది విన్నట్టు రాశారు. ఇక ‘ఎ’, ‘యాన్’ నియమాన్ని నిజాయతీగా పాటించే తెలుగువాడు, తన చెవికి ‘యమ్మెల్యే’ అని వినిపిస్తున్న మాటకు ముందు ఏది పెట్టాలి? యూనివర్సిటీకి పెట్టినట్టు ‘ఎ’ పెట్టాలి. మనవాళ్ల ఇంగ్లిషులో తరచూ కనిపించే ‘ఎ ఎమ్మెల్యే’, ‘ఎ ఎన్నారై’ నియమం తెలియక చేసిన తప్పులని అనుకోవడం తేలిక. చాలాసార్లు అవి నియమాన్ని తెలుగు ఉచ్చారణకు అన్వయించగా వచ్చిన ఫలితాలు. మాస్టారు సున్నా వేయవచ్చు గానీ, పిల్లవాడి తర్కంలో లోపం లేదు.

ఎందుకంటే ఇది వ్యాకరణం కన్నా ముందు సంధి సమస్య. రెండు అచ్చులు పక్కపక్కన పడితే నోటికి ఇబ్బంది. ఏ భాషైనా ఆ ఇబ్బందిని ఏదో ఒక విధంగా తీర్చుకోవాలి. తెలుగు చాలాచోట్ల యడాగమం చేస్తుంది, అంటే నడుమ యకారాన్ని చేరుస్తుంది. మా, అమ్మ కలిస్తే మాయమ్మ. మీ, ఇల్లు కలిస్తే మీయిల్లు. ఇంగ్లిషు ఆ సందులో నకారాన్ని నిలుపుకుంటుంది. తెలుగు నోట అక్షరం పేరుకు ముందే యకారం చేరిపోయి ఉంటే సందు అప్పటికే పూడిపోయింది, నకారానికి పని మిగలలేదు.

నకారంతో సందు పూడ్చడం తెలుగువారికి తెలియని విద్య కూడా కాదు. వ్యాకరణం చదువుకున్నవారికి ద్రుతం, అంటే కొన్ని మాటల చివర చేరే నకారం, గుర్తుండే ఉంటుంది. వచ్చెను, అతడు కలిస్తే వచ్చెనతడు. అచ్చు ముందు ఆ నకారం గట్టిగా నిలబడుతుంది. హల్లు ముందు అరసున్నగా మారుతుంది, ఒక్కోసారి లోపిస్తుంది. చివర ద్రుతం ఉండే ఆ మాటలను, అంటే ద్రుతప్రకృతికాలను, అరగంట చదివిన విద్యార్థికి ‘ఎ’, ‘యాన్’ తేడా అరనిమిషంలో చెప్పవచ్చు. మన బడుల్లో తెలుగు మాస్టారు, ఇంగ్లిషు మాస్టారు పక్కపక్క గదుల్లో ఒకే పాఠాన్ని ఒకరికొకరు సంబంధం లేనట్టు చెబుతుంటారు.

పోలిక చివరిదాకా సాగదన్నదీ నిజమే. ద్రుతం మాట చివర వచ్చి చేరేది. ఇంగ్లిషు నకారం మొదటి నుంచీ ఉన్నదే. ‘యాన్’ను ‘ఎ’కు నకారం చేర్చి తయారు చేయలేదు, ‘యాన్’ నుంచి నకారం రాలిపోగా ‘ఎ’ మిగిలింది. పాత ఇంగ్లిషులో ఒకటి అనే సంఖ్యను చెప్పే మాట ‘ఆన్’. ఒక కొమ్మ గట్టిగా పలికి ‘వన్’ అయింది, మరో కొమ్మ తేలికగా పలికి ఆర్టికల్ అయింది. ఆ తేలిక ఉచ్చారణలోనే హల్లుల ముందు నకారం క్రమంగా జారిపోయింది. మన ‘ఒకడు’, ‘ఒక ఊళ్లో ఒక రాజు’లోని ‘ఒక’ కూడా ఈ దారిలో కొంత దూరం నడిచిందే. కథ మొదలుపెట్టేటప్పుడు అది లెక్క చెప్పదు, కొత్త మనిషిని పరిచయం చేస్తుంది. అలాగని ఇంగ్లిషు ఆర్టికల్ కనిపించిన ప్రతిచోటా తెలుగులో ‘ఒక’ పెట్టి ‘ఆయన ఒక డాక్టరు’ అనే అనువాదాలు చదవడం కష్టం.

జారుడుగా ఉన్న ఆ నకారం ఇంగ్లిషులో కొన్ని చిత్రాలు చేసింది. ఎక్కడ ఆర్టికల్ ముగిసి ఎక్కడ మాట మొదలవుతుందో తెలియక జనం సరిహద్దు జరిపేశారు. క్రికెట్ మైదానంలోని అంపైర్ ఒకప్పుడు నకారంతో మొదలయ్యే మాట. జతలో చేరని వ్యక్తి, అంటే ఇద్దరి మధ్య తీర్పు చెప్పే మూడోవాడు అని ఫ్రెంచి మూలంలో అర్థం. ‘ఎ’ పక్కన ఉన్న నకారం అటు జరిగి ‘యాన్ అంపైర్’ అయింది. నిక్‌నేమ్‌ది దీనికి తలకిందుల కథ. ‘ఎక్‌నేమ్’, అంటే అదనపు పేరు, ‘యాన్’లోని నకారాన్ని లాక్కుని నిక్‌నేమ్ అయింది. ఆరెంజ్ కూడా నకారం పోగొట్టుకున్నదే, అయితే అది ఇంగ్లిషుకు చేరకముందే యూరపు భాషల్లో పోయింది. ఆ నకారం ఎక్కడుందో వెతకనక్కర్లేదు, మన నారింజలో భద్రంగా ఉంది.

ఇక హెచ్. బ్రిటిషు, అమెరికన్ నిఘంటువులు ఈ అక్షరం పేరును ‘ఏచ్’ అని చూపిస్తాయి. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడే దానికి హకారం లేదు. తన ధ్వని తన పేరులోనే లేని అక్షరం ఇది. తెలుగులో మాత్రం అది హెచ్. పత్రికల్లో జీహెచ్ఎంసీ, హెచ్ఎండీఏ, హెచ్ఐవీ అనే రాస్తారు, అలాగే పలుకుతారు. ఈ హకారం మనకొక్కరికే పరిమితం కాదు. ఐర్లాండ్‌లో ‘హేచ్’ అనడం మామూలు, ఆస్ట్రేలియాలోనూ చాలామంది అంటారు, ఇంగ్లండ్‌లోనూ కొత్త తరంలో పెరుగుతోంది. ఉత్తర ఐర్లాండ్‌లో ఈ ఒక్క అక్షరం పలికే తీరును బట్టి మనిషి క్యాథలిక్కో ప్రొటెస్టెంటో అంచనా వేసే అలవాటు ఉండేది. హకారంతో పలికేవారు క్యాథలిక్కులని లెక్క. అక్షరం పేరు ఊరికే పేరుగా మిగలని సందర్భాలూ ఉంటాయి.

కాబట్టి ‘ఎ హెచ్ఆర్ మేనేజర్’ అన్నవారి నోట ఆ హకారం స్పష్టంగా ఉంటే, వారి వరకు అది నియమబద్ధమే. రాతలో పరిస్థితి వేరు. చదివేవాడు ఎవరో తెలియదు, ముద్రణలో ఎక్కువగా పాటించేది ‘ఏచ్’ ఉచ్చారణనే. అందుకని రాసేటప్పుడు ‘యాన్’ పెట్టడం, మాట్లాడేటప్పుడు సొంత నాలుకను అనుసరించడం మేలు. హెచ్‌తో ఈ తడబాటు ఇంగ్లిషుకు కొత్తది కాదు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో ఇంటికీ, నూరుకీ ‘యాన్ హౌస్’, ‘యాన్ హండ్రెడ్’ అనే ఉంటుంది. ఇప్పుడు అలా రాస్తే పరీక్షలో మార్కు పోతుంది. వనమూలికకు వాడే ‘హెర్బ్’లో బ్రిటన్ హకారం పలికి ‘ఎ’ పెడుతుంది, అమెరికా హకారం మింగి ‘యాన్’ పెడుతుంది.

తెలుగువారి ఇళ్లలో ఈ హెచ్ మామూలు అక్షరం కాదు, వీసా అక్షరం. అమెరికాకు చదువుకు వెళ్లే విద్యార్థి దగ్గర మొదలుపెడితే ఈ పాఠమంతా వీసాల వరసలోనే నేర్పవచ్చు. కాలేజీ పంపేది ఐ-20, దానికి ‘యాన్’. దాంతో వచ్చేది ఎఫ్-1, దానికీ ‘యాన్’. ఉద్యోగం దొరికాక 1990 నాటి చట్టంతో ఏర్పడిన హెచ్-1బీ, అక్కడి రాతల్లో దానికీ ‘యాన్’. భార్యకో భర్తకో వచ్చే హెచ్-4కు, కంపెనీ బదిలీ మీద వెళ్లేవారి ఎల్-1కు కూడా అదే. మనవడినో మనవరాలినో చూడటానికి వెళ్లే అమ్మమ్మ తాతయ్యల బీ-2 దగ్గర మొదటిసారి ‘ఎ’ వస్తుంది. ఏడాది ముగిశాక జీతం లెక్కలతో వచ్చే డబ్ల్యూ-2కూ ‘ఎ’నే. ఇన్ని అక్షరాలు దాటాక వచ్చే గ్రీన్‌కార్డుకు అక్షరాల పేచీ లేదు.

పొడి అక్షరాలన్నీ విడివిడిగా పలకరన్నది ఇంకో మెలిక. ఎస్ఎంఎస్‌ను అక్షరం తరువాత అక్షరం పలుకుతాం, కాబట్టి ‘యాన్’. సిమ్ కార్డులోని సిమ్ కూడా పొడి అక్షరాల కూర్పే, కానీ ఒక మాటగా పలుకుతాం, కాబట్టి సకారం వినిపించి ‘ఎ’. వైద్య ప్రవేశ పరీక్ష నీట్ ర్యాంకుకు ‘ఎ’, ఆ పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ ప్రకటనకు ‘యాన్’. రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. నాసా ఇంజినీరుకు ‘ఎ’, ఎన్‌టీపీసీ ఇంజినీరుకు ‘యాన్’. సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో డేటాబేస్ భాష పేరును కొందరు ‘సీక్వెల్’ అంటారు, కొందరు ‘ఎస్‌క్యూఎల్’ అంటారు. మొదటివారు ‘ఎ’ రాస్తారు, రెండోవారు ‘యాన్’ రాస్తారు. ఒకే గదిలో ఒకే వాక్యానికి రెండు రూపాలు, రెండూ ఒప్పే. ఎవరిది తప్పని దిద్దడం మొదలుపెడితే ముందు ఆ పేరు ఎలా పలకాలో తేల్చాలి, ఆ పంచాయితీ తెగేది కాదు.

రాసేది ఒకటి, చదివేది మరొకటి అయినచోట కూడా చదివేదే గెలుస్తుంది. రూపాయలకు ఇంగ్లిషులో ఆర్, ఎస్ అని రెండక్షరాలు రాసి పక్కన 500 వేస్తారు. ఆ అక్షరాలను చూసి ‘యాన్’ పెట్టేవారున్నారు. కానీ ఎవరూ దాన్ని ‘ఆర్ ఎస్ ఐదొందలు’ అని చదవరు, ‘ఫైవ్ హండ్రెడ్’ అని చదువుతారు. కాబట్టి ‘ఎ’. అంకెలదీ ఇదే దారి. 8, 11, 18, 80లకు ‘యాన్’, మిగతా చాలావాటికి ‘ఎ’. ఆరు వరసల రోడ్డును ఎనిమిది వరసలకు పెంచితే ఆర్టికల్ కూడా మారుతుంది.

ఇదంతా ఏ రూపం వాడాలన్న ప్రశ్న. అసలు ఆర్టికల్ కావాలా వద్దా అన్నది వేరే ప్రశ్న, ఈ రెండింటినీ కలిపేయడం వల్ల తప్పులు జరుగుతాయి. రూపాన్ని తేల్చేది పక్కన ఉన్న ధ్వని. అవసరాన్ని తేల్చేది కాస్త దూరంగా ఉన్నా సరే, నామవాచకం. ఎమ్మెల్యేకు ‘యాన్’ వస్తుంది, మధ్యలో ‘యంగ్’ అనే విశేషణం దూరితే ‘ఎ’ అవుతుంది, మాజీ అని చెప్పడానికి ‘ఎక్స్’ తగిలిస్తే మళ్లీ ‘యాన్’ అవుతుంది.

అవసరం విషయంలో తెలుగు పదక్రమం మనల్ని మెల్లగా పక్కదారి పట్టిస్తుంది. తెలుగులో గుర్తు ముందు, వస్తువు వెనక. బీ సెక్షన్, డీ విటమిన్, సీ బ్లాక్ అంటాం. ఇంగ్లిషులో ఎక్కువగా వస్తువు ముందు, గుర్తు వెనక. ‘సెక్షన్ బీ’, ‘విటమిన్ డీ’, ‘బ్లాక్ సీ’. ఇలా వెనక నిలిచిన అక్షరం ఆ మాటను సంజ్ఞానామంగా, అంటే ఒకదానికే చెందిన పేరుగా, మార్చేస్తుంది. వరంగల్‌కు, విజయవాడకు ఆర్టికల్ అవసరం లేనట్టే దానికీ అవసరం లేదు. హెపటైటిస్ బీ, ప్లాన్ బీ, రూమ్ నంబరు 12 అన్నీ ఈ జాతివే. తెలుగు వరసలోనే ఆలోచిస్తూ ‘బీ సెక్షన్’ అని ఇంగ్లిషులో రాస్తే మాత్రం అక్షరం విశేషణమై కూర్చుంటుంది, ముందు ‘ది’ కావాలి. బీ12 సంగతి చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. ‘విటమిన్ బీ12’ అన్నప్పుడు ఆర్టికల్ లేదు. బీ12 కూడా బీ వర్గపు విటమిన్లలో ఒకటి అని చెప్పాలంటే ‘ఎ బీ విటమిన్’ అనాలి. ఒకే మందుబిళ్ల, ఒకచోట పేరు, మరొకచోట జాతి.

మార్కుల జాబితాలోనూ ఇదే జరుగుతుంది. లెక్కల్లో ఏ గ్రేడు వస్తే ‘యాన్ ఏ’, బీ వస్తే ‘ఎ బీ’, తప్పితే ‘యాన్ ఎఫ్’. ఇక్కడ అక్షరం లెక్కపెట్టగల వస్తువు. ‘గ్రేడ్ ఏ’ అని తిప్పి రాస్తే ఆర్టికల్ పోతుంది. సెన్సారు బోర్డు అందరూ చూడదగ్గ సినిమాకు ఇచ్చేది ‘ఎ యూ సర్టిఫికెట్’, పెద్దలకు మాత్రమే అన్నదానికి ఇచ్చేది ‘యాన్ ఏ సర్టిఫికెట్’. అచ్చుల జాబితాలో ఉన్న రెండక్షరాలకూ వేర్వేరు ఆర్టికల్స్.

సంస్థల పేర్ల దగ్గర ‘ది’ పెట్టాలా అన్న ప్రశ్నకు కూడా జవాబు కొంతవరకు చెవిలోనే ఉంది. అక్షరాలుగా పలికే పేరు తన పూర్తి రూపంలోని ఆర్టికల్‌ను వెంట తెచ్చుకుంటుంది. రిజర్వు బ్యాంకుకు ‘ది’ ఉంది కాబట్టి ‘ది ఆర్‌బీఐ’. అలాగే ‘ది సీబీఐ’, ‘ది బీబీసీ’. ఒక మాటగా పలికే పేరు దాన్ని వదిలేసి మనిషి పేరులా నడుస్తుంది. ఇస్రో, నాసా, యునెస్కో, నాటోలకు ‘ది’ పెట్టరు. ఈ సూత్రం పూర్తిగా నమ్మదగ్గది కాదు. ఐబీఎం, టీసీఎస్ వంటి కంపెనీలను, ఐఐటీ, ఎంఐటీ వంటి విద్యాసంస్థలను అక్షరాలుగానే పలికినా ‘ది’ ఉండదు. బీబీసీకి ఉన్న ‘ది’ సీఎన్ఎన్‌కు లేదు. ఇక్కడ నియమం కన్నా వాడుకదే పైచేయి. ఆర్‌బీఐ ముందు ‘ది’ ఉన్నా, ఆర్‌బీఐ సర్క్యులర్ ఒకటి వచ్చిందంటే అది ‘యాన్ ఆర్‌బీఐ సర్క్యులర్’ అవుతుంది. అప్పుడు ఆర్టికల్ సర్క్యులర్‌ది, రూపం మాత్రం ఆర్‌ది.

‘ది’ రాతలో ఎప్పుడూ మారదు కాబట్టి దానికి ఈ బాధ లేదనిపిస్తుంది. నోట అది కూడా రెండు రకాలు. హల్లు ముందు ‘ద’కు దగ్గరగా, అచ్చు ముందు ‘ది’గా పలుకుతారు. ‘ద సీఎం’, ‘ది ఎంపీ’. ‘ద యూఎస్’, ‘ది ఐఎంఎఫ్’. ‘ఎ’ రావలసినచోట ‘ద’, ‘యాన్’ రావలసినచోట ‘ది’, అవే 14 అక్షరాలు, అవే 12 అక్షరాలు. తెలుగులో మనం అన్నిచోట్లా ‘ది’ అనే పలకడం వల్ల ఈ తేడా వినబడదు.

అచ్చు ముందు ‘ది’ అనడానికి కారణం కూడా సంధే. చివర ఉన్న ఇకారం నుంచి తరువాతి అచ్చులోకి నాలుక జారేటప్పుడు మధ్యలో సన్నని యకారం ఒకటి దానంతట అదే పుడుతుంది. ఇంగ్లిషువారు రాయరు, గమనించరు కూడా, కానీ ధ్వనిశాస్త్రం చదివినవారు దాన్ని గుర్తించి చూపిస్తారు. వాళ్ల ‘ది’ వెనక యాపిల్ వచ్చినప్పుడు చెవి ఒగ్గి వింటే అక్కడ పలికేది మనం రాసుకున్న యాపిల్‌కు చాలా దగ్గరగా ఉంటుంది.